బల్లమీది ఆటలు: చిన్న ప్రచురణకర్త కష్టసుఖములు

మన ఇండ్లలో ఆడుకొను పులిజూదమునకుగాని, అష్టాచెమ్మకుగాని ప్రచురణకర్త యనువాడు లేడు. అరుగుమీద సుద్దతో నాలుగు గీతలు గీచి, గుప్పెడు చింతపిక్కలో నాలుగు గవ్వలో తెచ్చుకొన్నచో ఆట సిద్ధమగును. పులి మేకమీదుగా ఎట్లు దూకవలెనో, గవ్వలెట్లు పడినచో అష్టయో, ఎట్లు పడినచో చెమ్మయో తెలియని పిల్లవానికి ప్రక్కన కూర్చున్న అమ్మమ్మ చెప్పును. పరమపదసోపానపటము మాత్రము కాగితముమీద అచ్చై అంగళ్లలో అమ్మకమునకు వచ్చినది. దానికిని వేరుగ నియమముల పుస్తకము అక్కరలేకపోయెను. నిచ్చెన చేరినచో ఎక్కవలెననియు, పాము నోట పడినచో దిగవలెననియు పటమే చెప్పును.

పాశ్చాత్య దేశములలో ఈ పని వేరొక త్రోవ పట్టినది. అచ్చట ఆటను కల్పించువాడొకడు, దానిని పెట్టెలో అమర్చి అమ్మువాడొకడు. పుస్తకమునకు రచయితయు ప్రచురణకర్తయు ఎట్టివారో, ఆటకును వీరిద్దరు అట్టివారే. ఈ వ్యాపారమున పెద్ద సంస్థలు లేకపోలేదు. కాని లోకమంతట పేరుపొందిన ఆటలు కొన్ని అట్టి సంస్థలనుండి గాక, ఇంటి ముందుగదిలోనో, భోజనపుబల్ల వద్దనో ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకొనిన చిన్న సంస్థలనుండి వెలువడినవి. అట్టివారి దినచర్య యెట్టిది, వారు క్రొత్త ఆటను ఎట్లు సిద్ధము చేయుదురు, వారిని అన్నింటికన్న ఎక్కువగ బాధించు ప్రశ్న ఏది అను విషయములను ఇచ్చట వివరింతుము.

ఆటపెట్టె విప్పి చూచినచో లోపల నుండునది కొంత అట్ట, కొన్ని కొయ్యబిళ్లలు, ఒక కట్ట కార్డులు, రెండు మూడు పాచికలు. వీనిని అచ్చుకూటమువారును వడ్రంగులును చేసి ఇయ్యగలరు. ప్రచురణకర్త నిజముగ అమ్మునది నియమములను. మన ఇంటిలో అమ్మమ్మ చేయు పనిని ఆ పెట్టెలోని చిన్న నియమపుస్తకము చేయవలెను. కొన్నవారు వేయి మైళ్ల దూరమున నుందురు. సందేహము కలిగినపుడు అడుగుటకు ప్రక్కన ఎవరును ఉండరు. ఆ పుస్తకము ఒక్క చోట తడబడినను ఆ పెట్టె మరల అటకమీదనుండి దిగదు.

అందుచేత చిన్న ప్రచురణకర్త దినచర్యలో మొదటి పని ఆడుట. వినుటకు ఇది సుఖముగ తోచును. కాని ఒకే ఆటను 50 మారులు, 100 మారులు ఆడుట వినోదము కాదు. ఆటకర్త పంపిన నమూనా చేతితో వ్రాసిన కార్డులతోను, చొక్కాబొత్తాముల వంటి పావులతోను ఉండును. దానిని ఆడి, సాగదీసినట్లున్నచోట కుదించి, మొదట కదలినవాడే ఎప్పుడును గెలుచుచున్నచో నియమము మార్చి, మరల మొదటినుండి ఆడవలెను. ఒక నియమము మార్చినచో దానితో ముడిపడిన నాలుగు నియమములు కదలును. వానినికూడ సరిచూడవలెను.

అటుపిమ్మట అసలు పరీక్ష వచ్చును. ఆ ఆటను ఎన్నడును చూడని నలుగురిని కూర్చుండబెట్టి, పెట్టెను వారి ముందుంచి, ప్రచురణకర్త ప్రక్కన మౌనముగ కూర్చుండును. వారు తప్పుగ ఆడుచున్నను అతడు నోరు విప్పరాదు. ఏ వాక్యమువద్ద ఆగిరి, ఏ పుటను మరల మరల త్రిప్పిరి, దేనినిగురించి వాదులాడుకొనిరి అనునది వ్రాసికొనవలెను. ‘ఒక కార్డు తీసికొనవచ్చును’ అనుటకును, ‘ఒక కార్డు తీసికొనవలెను’ అనుటకును గల భేదము సామాన్య వాక్యములలో స్వల్పము. ఆటలో గెలుపోటములు దానిమీదనే ఆధారపడియుండవచ్చును. ఆటగాండ్రు చేయు పొరపాటును నియమపుస్తకము చేసిన పొరపాటుగ ఎంచుట ఈ వృత్తిలో మంచి సంప్రదాయము.

మిగిలిన పని ఏ చిన్న అంగడిలోనైనను ఉండునదే. చిత్రకారునికి వర్తమానము పంపుట, అచ్చు ప్రతులను దిద్దుట, దుకాణముల కోరికలు చూచి మూటలు కట్టుట, లెక్కలు వ్రాయుట. దీనికితోడు ఈ వృత్తికే చెందిన ఉత్తరములు కొన్ని వచ్చుచుండును: ‘మా పెట్టెలో ఒక బిళ్ల తక్కువైనది, దయచేసి పంపవలెను.’ పుస్తకమున ఒక అచ్చుతప్పున్నను పాఠకుడు దాటిపోగలడు. ఆటలో ఒక బిళ్ల తక్కువైనచో ఆటయే నిలిచిపోవును. కనుక ఆ ఒక్క బిళ్లను కాగితములో చుట్టి, తపాలా ఖర్చు తానే భరించి పంపుట ప్రచురణకర్త విధులలో నొకటి.

ఇంతవరకు చెప్పిన పనులన్నియు ఓపికతో చేయదగినవి. ఓపికతో తీరని ప్రశ్న ఒకటి కలదు: ఎన్ని పెట్టెలు తయారు చేయింపవలెను? ఇది వినుటకు చిన్న ప్రశ్న. చిన్న సంస్థ బ్రతుకు దీనిమీదనే ఉన్నది. ఊహకు ఒక లెక్క తీసికొందము. అట్టలను కత్తిరించు అచ్చులు, చిత్రములు, యంత్రములను సిద్ధపరచుట మొదలగు వానికి లక్ష రూపాయలగు ననుకొందము. ఒక్క పెట్టె చేయించినను, 5,000 పెట్టెలు చేయించినను ఈ ఖర్చు మారదు. ఆపైన ఒక్కొక్క పెట్టెకు 300 రూపాయల సామగ్రి పట్టుననుకొందము. 500 పెట్టెలు చేయించినచో ఒక్కొక్కటి 500 రూపాయలకు పడును. 5,000 చేయించినచో 320 రూపాయలకే పడును. ధర తగ్గినదిగదా యని 5,000 చేయించినవాడు 16 లక్షలు ముందుగ ఇయ్యవలెను. 500తో తృప్తిపడినవానికి రెండున్నర లక్షలు చాలును. ఎక్కువ చేయించి అమ్మలేనివాడు సరకుతో కూలిపోవును. తక్కువ చేయించినవాడు, ఆటకు పేరు వచ్చిన సమయమున చేతిలో సరకులేక నిలువవలసివచ్చును. ఎవరును అడుగకముందే ఎందరు అడుగుదురో చెప్పవలసిన పని ఇది.

ఈ చిక్కు ఎట్టిదో తెలిసికొనుటకు అమెరికాలోని ఒక పాత పాఠశాల కథ ఉపకరించును. ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ అను వాస్తుశిల్పి 1929లో ప్రారంభమైన ఆర్థికమాంద్యమున ఉద్యోగము పోగొట్టుకొనెను. తీరికకాలమున అతడొక మాటల ఆటను కల్పింప బూనెను. ఏ అక్షరము ఎంత తరచుగ వచ్చునో తెలిసికొనుటకు వార్తాపత్రికల పుటలలోని అక్షరములను ఒక్కొక్కటిగ లెక్కించెను. ఆ లెక్కనుబట్టి 100 బిళ్లల ఆటలో ‘ఇ’ అను అక్షరమునకు 12 బిళ్లలు ఇచ్చెను. ‘ఎస్’ అను అక్షరమునకు మాత్రము నాలుగే ఇచ్చెను. అవి ఎక్కువైనచో ప్రతి మాటకును బహువచనము చేర్చి సులభముగ గెలువవచ్చునని అతని భయము. పెద్ద ఆటల సంస్థలు ఈ ఆటను నిరాకరించినవి.

1948లో జేమ్స్ బ్రూనో అనునతడు బట్స్ వద్ద హక్కు తీసికొని, నియమములను కొంత సులభపరచి, ఆటకు ‘స్క్రాబుల్’ అను పేరు పెట్టెను. అమ్మిన ప్రతి పెట్టెమీద బట్స్‌కు కొంత రుసుము ఇచ్చునట్లు ఒప్పందము. బ్రూనోయు, అతని భార్యయు కనెక్టికట్ రాష్ట్రమున డాడ్జింగ్‌టౌన్ అను చోట వాడుకలో లేని ఒక పాఠశాలను అద్దెకు తీసికొని పని ప్రారంభించిరి. స్నేహితులు తోడ్పడిరి. కొయ్యబిళ్లలమీద ఒక్కొక్క అక్షరమును చేతితో ముద్ర వేయుచు గంటకు 12 పెట్టెలు సిద్ధము చేసిరి. 1949లో వారు తయారుచేసిన పెట్టెలు 2,400. ఆ యేడు వచ్చిన నష్టము 450 డాలర్లు. లెక్క చూచినచో పాఠశాలనుండి వెడలిన ప్రతి పెట్టెతోడను బ్రూనో జేబునుండి సుమారు 19 సెంట్లు వెడలినట్లైనది.

అయినను వారు మానలేదు. 1952లో న్యూయార్కులోని మేసీస్ అను పెద్ద దుకాణమునకు అధిపతియైన జాక్ స్ట్రాస్ సెలవుదినములలో ఈ ఆటను ఆడి, తిరిగివచ్చి చూడగా తన దుకాణమున అది లేదట. వెంటనే తెప్పించెనని ప్రసిద్ధి. అటుపిమ్మట కోరికలు వెల్లువగ వచ్చినవి. ముందు అమ్మలేక బాధపడిన బ్రూనో దంపతులు ఇప్పుడు తయారు చేయలేక బాధపడిరి. తుదకు సెల్‌ఖౌ అండ్ రైటర్ అను పెద్ద సంస్థకు తయారీ హక్కు ఇచ్చిరి. 1954లో సుమారు 40 లక్షల పెట్టెలు అమ్ముడుపోయినవి. మూడేండ్ల నష్టమును ఓర్చుకొనుట ఎంత కష్టమో, హఠాత్తుగ వచ్చిన గిరాకిని తట్టుకొనుట అంతకు తక్కువ కష్టము కాదని ఈ పాఠశాల చెప్పుచున్నది.

ఇక పాతికేండ్లు ముందుకు వచ్చి విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా అను చిన్న ఊరిని చూతము. గ్యారీ గైగాక్స్ అనునతడు షికాగోలో భీమా సంస్థలో పనిచేయుచు 1970లో ఉద్యోగము కోల్పోయెను. ఇంటి నేలమాళిగలో చెప్పులు బాగుచేయుచు సంసారము గడుపుచు, యుద్ధములను బల్లమీద ఆడు ఆటలకు నియమములు వ్రాయుచుండెను. మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్‌తో కలిసి అతడు కూర్చిన ఆటయే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. ఇందులో తప్పనిసరిగ పటము ఉండవలెనను నియమము లేదు. ఒకడు కథకుడై గుహలను, భూతములను వర్ణించును. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, ‘నేను తలుపు తెరచుచున్నాను’, ‘నేను కత్తి దూయుచున్నాను’ అని చెప్పుదురు. ఫలము పాచికలు నిర్ణయించును. హరికథలోని శ్రోతలు లేచి కథలో తామే పాత్రలైనట్లు ఊహించుకొన్నచో ఈ ఆట కొంత బోధపడును.

ఇట్టి వింత ఆటను అచ్చువేయువారు దొరకలేదు. కనుక 1973లో గైగాక్స్, అతని చిన్ననాటి స్నేహితుడు డాన్ కే కలిసి ‘టాక్టికల్ స్టడీస్ రూల్స్’ అను సంస్థను స్థాపించిరి. కే తన జీవితభీమామీద 1,000 డాలర్లు అప్పు తెచ్చెను. అయినను పెద్ద ఆటకు సొమ్ము చాలలేదు. ముందుగ ఒక చిన్న యుద్ధపు ఆటను ప్రచురించి, దానివలన వచ్చు సొమ్ముతో రెండవది వేయుదమని తలంచిరి. అదియు చాలకపోగా బ్రయన్ బ్లూమ్ అను మరొక మిత్రుడు 2,000 డాలర్లు తెచ్చి భాగస్వామి యయ్యెను. 1974 జనవరిలో మొదటి ముద్రణ వెలువడెను. పెట్టెలు 1,000. ఒక్కొక్కదాని వెల 10 డాలర్లు. పెట్టెలో మూడు చిన్న పుస్తకములును, కొన్ని విడి కాగితములును మాత్రమే ఉండెను. పాచికలు కూడ లేవు. అచ్చుకూటమునుండి వచ్చిన పుస్తకములను పెట్టెలలో అమర్చుట, పెట్టెలపై కాగితములు అంటించుట అంతయు వారే ఇంటిలో చేసికొనిరి. కే ఇల్లే కార్యాలయము.

వేయి పెట్టెలు అమ్ముడుపోవుటకు సుమారు ఒక సంవత్సరము పట్టెను. 1975 ప్రారంభమున మరల వేయి వేసిరి. ఇది చిన్న సంఖ్యయే. కాని అమ్మిన పెట్టెలకన్న ఆడువారి సంఖ్య మిక్కిలి ఎక్కువ. పెట్టె దొరకనివారు స్నేహితుల పుస్తకములకు నకళ్లు తీసికొనిరి. ఆటను ప్రక్కన కూర్చుండి నేర్పువాడు లేని లోపము ఇక్కడ స్పష్టమైనది. నియమములు చాలచోట్ల అసంపూర్ణముగ నుండుటచే సందేహములు ప్రచురణకర్తలకే వచ్చి చేరెను. ఆ యేడే సంస్థవారు ‘ది స్ట్రాటజిక్ రివ్యూ’ అను చిన్న పత్రికను ప్రారంభించిరి. క్రొత్త ఆటలను, అనుబంధములను ప్రకటించుటయు, తరచుగ వచ్చు సందేహములకు సమాధానము లిచ్చుటయు దానిచే సాధ్యమైనది. చిన్న ప్రచురణకర్తకు రాబోవు ఆటల జాబితా ఒక ప్రకటన మాత్రమే కాదు. ఏ ఆటకు ఎందరు ఉత్తరము వ్రాయుదురో చూచి, ఎన్ని ప్రతులు వేయవలెనో ఊహించుటకు అదియొక కొలబద్ద.

ఆ సంవత్సరమే జనవరి 31న డాన్ కే 36వ యేట గుండెజబ్బుతో మరణించెను. చిన్న సంస్థలో ఒక మనిషి పోవుట అనగా కార్యాలయము, సరకు ఉంచు గది, భాగస్వామ్యము అన్నియు ఒక్కమారు కదలుట. పని గైగాక్స్ ఇంటికి మారినది. సంస్థ కాలక్రమమున చాల పెద్దదైనది. కాని ‘ఎన్ని?’ అను ప్రశ్న దానిని విడువలేదు. 1990 తరువాత అది అవసరమునకు మించి పుస్తకములు, ఆటలు తయారుచేయించెను. అమ్ముడుపోని పుస్తకములు దుకాణములనుండి పంపిణీదారు ద్వారా తిరిగివచ్చెను. అచ్చుకూటమునకు బాకీపడెను. 1997లో దానిని ‘విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్’ అను మరొక సంస్థ కొనెను. ఈ రెండవ సంస్థయు 1990లో ఒక ఇంటి నేలమాళిగలోనే పుట్టినది. వేయి పెట్టెలను జాగ్రత్తగ లెక్కించుకొని బ్రతికినవారు, లెక్క తప్పిన పెద్ద ముద్రణలవలన స్వాతంత్ర్యము పోగొట్టుకొనిరి.

నేటి చిన్న ప్రచురణకర్తలు ఈ ప్రశ్నను మరొక విధముగ ఎదుర్కొనుచున్నారు. మన పాతకాలపు గ్రంథకర్తలు ముందుగ చందాదారులను చేర్చుకొని గ్రంథమును అచ్చువేయించినట్లే, వీరును ఆటను ముందుగ ప్రకటించి, ఇంటర్నెట్టు ద్వారా సొమ్ము స్వీకరించి, వచ్చిన సొమ్మునుబట్టి పెట్టెలు చేయింతురు. 2009లో ప్రారంభమైన ‘కిక్‌స్టార్టర్’ ఇట్టి చందాలకు ప్రసిద్ధమైన వేదిక. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున జేమీ స్టెగ్‌మేయర్, అలన్ స్టోన్ అనువారు స్థాపించిన ‘స్టోన్‌మేయర్ గేమ్స్’ సంస్థ తన మొదటి ఆటను 2012లో ఈ పద్ధతిలోనే వెలువరించినది. ఈ మార్గమునను ముల్లు లేకపోలేదు. ధరను ముందుగ నిర్ణయించి సొమ్ము తీసికొన్న పిమ్మట ఓడ కిరాయి పెరిగినచో నష్టము ప్రచురణకర్తదే. 2021లో ఓడల కిరాయిలు అనేక రెట్లు పెరిగినపుడు పలువురు చిన్నవారు ఈ చిక్కున పడిరి.

స్టోన్‌మేయర్ వారు 2015 తరువాత చందాల పద్ధతిని విడిచి, ఆట సిద్ధమైన పిమ్మటనే ప్రకటించు పద్ధతి నవలంబించిరి. ముందుగ సొమ్ము తీసికొన్న భారము దీనితో తీరినది. కాని పాత ప్రశ్న మరల తలయెత్తినది. 2019లో వారు ‘వింగ్‌స్పాన్’ అను ఆటను వెలువరించిరి. పక్షులయందు ప్రీతిగల ఎలిజబెత్ హార్‌గ్రేవ్ అను ఆమె దానిని కల్పించినది. అందు 170 పక్షుల కార్డులు కలవు. ప్రతి కార్డుమీదను ఆ పక్షి బొమ్మయు, అది నివసించు తావును, రెక్కల విరివియు ఉండును. పక్షుల ఆటను ఎందరు కోరుదురని ఎవరనుకొందురు? మొదటి ముద్రణ చాలలేదు. కొనువారు నెలలతరబడి వేచియుండవలసివచ్చెను. ఆ యేడే జర్మనీ దేశమున అనుభవముగల ఆటగాండ్రకొరకు ఏటేట ఇచ్చు బహుమానము దానికి లభించినది. 2022లో ఆసియా పక్షులతో దానికొక భాగము వెలువడినది.

ఇట్టి ఆటలు పెక్కు చైనాలో తయారై ఓడలమీద వచ్చును. కనుక ప్రచురణకర్త చేతిలో లేని విషయములు కూడ అతని లెక్కను తలక్రిందులు చేయగలవు. 2025 ఏప్రిల్ నెలలో చైనా సరకులమీద అమెరికా ప్రభుత్వము విధించిన దిగుమతి సుంకము 145 శాతమునకు చేరెను. అనగా తయారీకి 10 డాలర్లు పట్టిన పెట్టెకు పధ్నాలుగున్నర డాలర్లు సుంకము. మరుసటి నెలలో సుంకము తగ్గింపబడినది. కాని ఆ కొలది వారములలో తమ ఆటలు ఓడ ఎక్కవలెనా, రేవులోనే ఆగవలెనా అని నిర్ణయింపవలసివచ్చిన చిన్న సంస్థల కష్టము ఊహింపవచ్చును. ‘వచ్చు నెలలో విడుదల’ అను ఒక చిన్న ప్రకటన వెనుక ఇన్ని సందేహములు దాగియుండును.

ఈ విషయము మనకెందుకని కొందరు అడుగవచ్చును. పులిజూదమునకు నియమపుస్తకము అక్కరలేకపోయినది చెప్పుటకు అమ్మమ్మ ప్రక్కన ఉన్నంతవరకే. నేడు పిల్లలొక ఊర, పెద్దలొక ఊర నున్న ఇండ్లు పెక్కు. అష్టాచెమ్మను గూర్చి ఒక ఊరి పద్ధతికిని మరొక ఊరి పద్ధతికిని భేదము కలదు. వ్రాసియుంచనిచో ఆ భేదములతోపాటు ఆటలును మరుగునపడును. తెలుగు మాటల ఆట కూర్పవలెనన్నను పని చాల ఉన్నది. బట్స్ లెక్కించినవి 26 అక్షరములే. మనకు గుణింతములు, ఒత్తులు కలవు. ‘క’ కు ఒక బిళ్ల చాలునా, ‘కా’, ‘కి’, ‘క్క’ లకు వేరు బిళ్లలు కావలెనా అనునది పత్రికలు ముందుంచుకొని ఎవరైనను లెక్కింపదగిన విషయము.

ఇందుకు పెద్ద సంస్థలు రానక్కరలేదు. తమ ఇంటి ఆట నియమములను ఒక కాగితముమీద వ్రాసి, ఆ ఆట తెలియని పొరుగింటి పిల్లల చేతికిచ్చి, ఏమియు చెప్పక ప్రక్కన కూర్చుండి చూడవలెను. వారు ఆగినచోట వాక్యమును దిద్దవలెను. ఇంకొక ఇంటి పిల్లలకిచ్చి మరల చూడవలెను. వారు ఎవరిని అడుగక తుదవరకు ఆడగలిగిననాడు ఆ కాగితము అచ్చునకు తగినదగును. తరువాత ఎన్ని ప్రతులు వేయవలెనను ప్రశ్న వచ్చును. దానికి డాడ్జింగ్‌టౌన్ పాఠశాలయు, లేక్ జెనీవా ఇల్లును ఇచ్చిన సమాధానమొక్కటే: మొదట కొద్దిగ వేయవలెను, రెండవ ముద్రణకు కొంత సొమ్ము దాచుకొనవలెను.